సైకిలుకు రోడ్డులో చోటెంత?

సైకిలు తొక్కేవాళ్ల నుంచీ, వాళ్ల పక్క నుంచి బండి పోనిచ్చేవాళ్ల నుంచీ ఈసారి ఉత్తరాలు సమానంగానే వచ్చాయి. చాలావాటిలో కోపం ఉంది. కోపం వెనకున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబు రాస్తున్నాం.

మెహదీపట్నం నుంచి అమీర్‌పేటకు రోజూ సైకిలు మీద ఆఫీసుకు వెళ్తాను. ఎడమ అంచుకు ఆనుకునే తొక్కుతున్నా కార్లు మోచేయి తగిలేలా దాటిపోతున్నాయి. కాస్త లోపలికి జరిగితే హారన్ కొట్టి తిడుతున్నారు. అసలు నేనెక్కడ తొక్కాలి?
– ఓ ఉద్యోగి, హైదరాబాద్

అంచుకు ఆనుకోవడం వల్లే వాళ్లు మోచేయి తగిలేలా వస్తున్నారు. లెక్క వేసి చూడండి. ఒక లేను వెడల్పు సుమారు 3.5 మీటర్లు. మీ హ్యాండిల్ 60 సెంటీమీటర్లు, కారు సుమారు 1.75 మీటర్లు. అంచు నుంచి అర మీటరులో మీరుంటే హ్యాండిల్ కుడి కొన 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మిగిలింది 2.7 మీటర్లు. అందులో కారు పోగా మీకూ దానికీ మధ్య మిగిలేది మీటరు కన్నా తక్కువ. వెనకున్న డ్రైవరుకు అది ‘పట్టేలా ఉంది’ అనిపిస్తుంది, దూరుస్తాడు. అదే మీరు అంచు నుంచి మీటరు, మీటరుంబావు లోపల ఉంటే, ఈ లేనులో పట్టదు, పక్క లేనులోకి వెళ్లాలి అని అతనికి దూరం నుంచే తెలిసిపోతుంది. హారన్ కొడతాడు, నిజమే. కానీ హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడన్న మాట. మనం భయపడాల్సింది చూడనివాడికి.

అంచున ఉండే ప్రమాదాలు కూడా తక్కువేం కాదు. ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు, చక్రం దిగబడే మురికికాలువ జాలీలు అన్నీ అక్కడే ఉంటాయి. వాటిని తప్పించడానికి మీరు చటుక్కున కుడికి కోస్తే వెనకవాడికి బ్రేకు వేసే సమయం ఉండదు. ఆగి ఉన్న కార్ల వరుస పక్కన వెళ్తున్నప్పుడైతే వాటికి కనీసం మీటరు దూరం తప్పనిసరి. కారు తలుపు పూర్తిగా తెరుచుకుంటే ఇంచుమించు అంత మేర ఆక్రమిస్తుంది. క్యాబ్ అప్పుడే ఆగి, వెనక సీట్లో మనిషి కదులుతున్నట్టు కనిపిస్తే ఆ తలుపు తెరుచుకోబోతోందనే అనుకోండి.

అలాగని ఎప్పుడూ లేను మధ్యలోనే తొక్కమని కాదు. రోడ్డు వెడల్పుగా, అంచు శుభ్రంగా ఉన్నచోట ఎడమకు జరగండి. సందు ఇరుకైనచోట, బ్రిడ్జి మీద, కూడలికి ముందు లోపలికి రండి. జరిగే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి, చెయ్యి చాపండి, తర్వాత నిదానంగా జరగండి. పాములా మెలికలు తిరిగేవాణ్ని చూసి డ్రైవర్లు చిరాకు పడటంలో తప్పులేదు. గీత గీసినట్టు తొక్కేవాడికి ఎక్కువ మంది చోటిస్తారు.

పెద్ద కూడలిలో కుడికి తిరగాలంటే మూడు లేన్లు దాటి డివైడరు దగ్గరికి పోవద్దు. ఎడమ లేనులోనే నేరుగా కూడలి దాటండి, అవతలి మూల ఆగండి, సైకిలు కుడికి తిప్పి పెట్టుకోండి, ఆ రోడ్డుకు పచ్చలైటు పడ్డాక కదలండి. ఒక సిగ్నల్ ఆలస్యమవుతుంది, అంతే.

నేను కారు నడుపుతాను. సైకిళ్ల మీద నాకు ద్వేషమేమీ లేదు. కానీ రోడ్ ట్యాక్స్ కట్టరు, వేగంగా పోలేరు, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన వాళ్ల కోసం ట్రాక్ కూడా కట్టారు. రద్దీ వేళ మెయిన్ రోడ్డు మీదికి ఎందుకు రావాలి?
– ఓ పాఠకురాలు, కొండాపూర్

మర్యాదగా అడిగారు కాబట్టి మూడింటికీ జవాబు చెప్తాం.

2023 అక్టోబరులో ప్రారంభమైన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 23 కి.మీ. పొడవు. నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు అది వెళ్తుంది. ఆ దారిలో పనున్నవాళ్లకు బాగా పనికొస్తుంది. టోలీచౌకిలో బయల్దేరి పంజాగుట్టలో వాచ్‌మన్ డ్యూటీ ఎక్కాల్సిన మనిషికి అది దారి కాదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో నూటికి ఇంచుమించు 45 ఇళ్లలో సైకిలు ఉంది. వాటిలో ఎక్కువ భాగం వ్యాయామానికి కొన్నవి కావు, పనికి పోవడానికి కొన్నవి. పని ఎక్కడుంటే సైకిలు అక్కడికే పోతుంది.

ట్యాక్స్ సంగతి: మనం బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్ ఆ బండికి కట్టేది, రోడ్డులో వాటాకు కట్టే ధర కాదు. ఊళ్లో రోడ్లు ఆస్తిపన్నుతో, ప్రభుత్వ బడ్జెట్‌తో పడతాయి. ఆ బడ్జెట్‌లోకి సైకిలు కొన్నవాడి జీఎస్టీ కూడా వెళ్తుంది.

ఇక వేగం. గంటకు 18 కి.మీ. వేగంతో పోయే సైకిలు వెనక మీరు 200 మీటర్లు ఆగిపోయారనుకుందాం. ఆ దూరానికి 40 సెకన్లు పడుతుంది. గంటకు 40 కి.మీ. వేగంతో అయితే 18 సెకన్లు. మీకు నష్టమైంది 22 సెకన్లు, అదీ ముందు సిగ్నల్ పడకుండా ఉంటేనే. ఆ 22 సెకన్ల కోసం మనిషిని అంచుకు తోసేయడం న్యాయం కాదు.

దాటేటప్పుడు ఇలా చేయండి. మీ అద్దానికీ అతని హ్యాండిల్‌కూ మధ్య కనీసం మీటరు, వీలైతే మీటరున్నర వదలండి. అంత చోటు లేకపోతే వెనకే ఉండండి. దాటిన వెంటనే ఎడమకు తిరగాల్సి ఉంటే అసలు దాటొద్దు, అతణ్ని ముందు పోనివ్వండి. దాటి వెంటనే ఎడమకు కోయడం వల్ల పడిపోయేవాళ్లు చాలామంది. హారన్ పక్కకు వచ్చాక కాదు, 40–50 మీటర్ల వెనక నుంచి చిన్నగా ఒక్కసారి కొట్టండి. చెవి పక్కన కొడితే మనిషి ఉలిక్కిపడతాడు, హ్యాండిల్ కూడా అటే పోతుంది. కారు ఆపాక తలుపు తీసేటప్పుడు డ్రైవరు సీట్లో ఉన్నవాళ్లు ఎడమ చేత్తో, ఎడమవైపు కూర్చున్నవాళ్లు కుడి చేత్తో గడియ తీయడం అలవాటు చేసుకోండి. చెయ్యి అడ్డంగా పోయేసరికి ఒళ్లు తిరుగుతుంది, కళ్లు వాటంతట అవే వెనక్కి చూస్తాయి. ఇంట్లో పిల్లలకూ ఇదే నేర్పండి.

మా ఊరు హైవేకి ఒక పక్క, నేను పనిచేసే మిల్లు ఇంకో పక్క. డివైడరు తెరిపి, అంటే అవతలికి దాటే సందు, కిలోమీటరున్నర అవతల ఉంది. అందుకని కొంత దూరం రాంగ్ రూట్‌లో పోతున్నాం. ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుంది కాబట్టి ఇదే నయం అంటున్నారు మావాళ్లు. నిజమేనా?
– ఓ మిల్లు కార్మికుడు, ఏలూరు జిల్లా

నిజం కాదు. మీకు కనిపిస్తుంది, కానీ అవతలివాడికి సమయం ఉండదు. మీరు గంటకు 15 కి.మీ., కారు 60 కి.మీ. వేగంతో ఉన్నారనుకోండి. ఒకే దిశలో పోతుంటే కారు మీ దగ్గరికి 45 కి.మీ. వేగంతో వస్తుంది. ఎదురెదురైతే 75. ఏభై మీటర్ల దూరంలో మిమ్మల్ని చూస్తే మొదటి సందర్భంలో అతనికి 4 సెకన్లు ఉంటాయి, రెండోదాంట్లో రెండున్నర కూడా ఉండవు. పైగా ఒకే దిశలోనైతే వేగం తగ్గించి మీ వెనకే రాగలడు. ఎదురుగానైతే అతను పూర్తిగా ఆగినా మీరింకా అతని మీదికి వెళ్తూనే ఉంటారు.

ఇంకొకటి చాలామందికి తట్టదు. పక్క రోడ్డు నుంచి హైవే ఎక్కేవాడు బళ్లు వచ్చే కుడివైపే చూస్తాడు. మీరు అతనికి ఎడమ నుంచి వస్తారు. అతను చూడకుండా కదులుతాడు. అందులో అతని తప్పు కొంతే.

అయితే, రోజుకు రెండుసార్లు అదనంగా కిలోమీటర్లకు కిలోమీటర్లు తొక్కమని సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. తెరిపి అంత దూరంలో పెట్టడం రోడ్డు వేసినవాళ్లు మీ నడకను లెక్కలోకి తీసుకోకపోవడమే. అప్పటిదాకా చేయగలిగింది: సర్వీసు రోడ్డు ఉంటే దాని మీదే వెళ్లండి. లేకపోతే ఆ కొంత దూరం దిగి, తారు రోడ్డు అంచుకు బయట మట్టి మార్జిన్‌లో సైకిలు నడిపించుకుంటూ పోండి. చీకట్లో ఇది కూడా వద్దు, చుట్టూ తిరిగే వెళ్లండి. ఇంకో పక్క మిల్లు యాజమాన్యంతో, పంచాయతీతో కలిసి జాతీయ రహదారుల సంస్థకు అర్జీ పెట్టండి. ఎన్ని గంటలకు ఎంతమంది దాటుతున్నారో వారం రోజులు లెక్క రాసి జత చేయండి. అండర్‌పాస్, తెరిపి, సర్వీసు రోడ్డు – ఏది అడిగినా అంకెలున్న అర్జీకే బలం. జాతీయ రహదారి మీద ప్రమాదమో అడ్డంకో ఉంటే 1033కు ఫోన్ చేయవచ్చు.

లారీ డ్రైవర్‌ని. ఎడమకు తిరుగుతుంటే సైకిలోళ్లు క్లీనరు వైపు దూరిపోతారు. నాకు కనపడరు. ఏదైనా అయితే జనం నన్నే కొడతారు. వాళ్లకు కొంచెం చెప్పండి.
– విజయవాడ ఆటోనగర్

తప్పకుండా చెప్తాం. మీక్కూడా రెండు మాటలు చెప్తాం.

సైకిలువారికి: లారీ ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, బాగా లోపలికి కోసుకుంటూ వస్తాయి. మలుపు మొదట్లో మీకు మీటరున్నర ఖాళీ కనిపిస్తుంది, మలుపు మధ్యలో అది సున్నా అవుతుంది. పొడవాటి లారీ మలుపు అందడం కోసం ముందు కొంచెం కుడికి జరుగుతుంది. దాన్ని చూసి కుడికి పోతోందనుకుని ఎడమ సందులో దూరడం ప్రాణాంతకం. లారీ, ఆర్టీసీ బస్సు ఏదైనా సరే, దాని అద్దంలో డ్రైవరు మొహం మీకు కనిపించకపోతే మీరు అతనికి కనిపించరు. సిగ్నల్ దగ్గర దాని పక్కన ఆగొద్దు. వెనకే ఆగండి. ముందు ఆగాల్సివస్తే నాలుగైదు మీటర్ల ముందు ఆగండి. క్యాబిన్ ఎత్తు వల్ల బంపరు ముందే ఉన్న మనిషి కూడా అతనికి కనపడడు.

మీకు: ఇండికేటరు మలుపు దగ్గర కాదు, 30 మీటర్ల ముందే వేయండి. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగాక కదిలేటప్పుడు ఎడమ అద్దం ఇంకోసారి చూడండి, మీరు ఆగినప్పుడు అక్కడ లేనివాడు ఈలోపు వచ్చి ఉండొచ్చు. క్లీనరు ఉంటే తల బయట పెట్టి చూడమనండి. హైవే మీద సైకిలును దాటేటప్పుడు వేగం తగ్గించి రెండు మీటర్లు వదలండి. పెద్ద బండి గాలి మొదట సైకిలును బయటికి నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. మీరు తగలకపోయినా అతను మీ వెనక చక్రాల వైపు పడతాడు.

తెల్లవారుజామున 4 గంటలకు పాల క్యాన్లతో బయల్దేరతాను. సైకిలుకు వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉంది. అది చాలదా?
– ఓ పాల వ్యాపారి, గుడివాడ దగ్గర

చాలదు. ఎందుకంటే అది మీ క్యాన్ల వెనక దాగిపోయింది. సైకిలు కొన్నప్పుడు కనిపించేది, క్యాన్లు తగిలించాక కనిపించదు. స్పేర్ పార్టుల షాపులో లారీలకు అంటించే ఎర్ర రేడియం టేపు, రెండంగుళాలది, మీటరు కొనండి. రెండు క్యాన్లకూ వెనకవైపు అడ్డంగా ఒక్కో పట్టీ అంటించండి. క్యాను తడి తుడిచి, నూనె జిడ్డు లేకుండా సబ్బుతో కడిగి, ఆరాక అంటిస్తేనే నిలుస్తుంది. టేపు ఎదుటి లైటు పడితేనే మెరుస్తుంది కాబట్టి సొంతంగా వెలిగే ఎర్ర లైటు కూడా ఒకటి కావాలి. దాన్ని సీటు కింద కాదు, క్యాన్ల కన్నా వెనక్కి వచ్చేలా క్యారేజీ చివర బిగించండి. ముందు తెల్ల లైటు నేలకేసి కొంచెం వంచి పెట్టండి, ఎదుటివాడి కళ్లలో కొట్టకూడదు. డైనమో ఉంటే మంచిదే, కానీ ఆగితే ఆరిపోతుంది. ఆగినప్పుడే వెనక నుంచి గుద్దే ప్రమాదం, అందుకే వెనకది బ్యాటరీ లైటు ఉండాలి. పెడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు ఊడిపోయి ఉంటే మళ్లీ వేయించండి. పైకీ కిందకీ కదిలే మెరుపును చూడగానే అది సైకిలని డ్రైవరుకు తెలిసిపోతుంది.

20 లీటర్ల క్యాను ఒక్కోటి పాలతో 20 కిలోలు దాటుతుంది. రెండు వైపులా సమానంగా లేకపోతే బ్రేకు వేసినప్పుడు సైకిలు బరువైన వైపు లాగుతుంది. పాలు పోస్తూ వెళ్లేటప్పుడు ఒక క్యానే ఖాళీ చేయకుండా మార్చి మార్చి వాడండి.

వానలో బ్రేకులు పట్టడం లేదు. కొత్త బ్రేకు కట్టలు (రిమ్మును పట్టే రబ్బరు ముక్కలు) వేయించినా అంతే. పాత మోడల్ సైకిలు, రాడ్డు బ్రేకులు.
– సిరిసిల్ల

కట్టల తప్పు కాదు, రిమ్ముది. మెరిసే స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు కట్టకు పట్టు దాదాపు పోతుంది. అల్యూమినియం రిమ్ముకు ఈ ఇబ్బంది చాలా తక్కువ. రిమ్ములు మార్చే స్తోమత లేకపోతే వానలో ఒక పద్ధతి పాటించండి. ఆగాల్సిన చోటుకు చాలా ముందే బ్రేకు మెల్లగా తాకించి పట్టుకోండి. చక్రం రెండు మూడు చుట్లు తిరిగేసరికి రిమ్ము మీద నీరు తుడుచుకుపోతుంది, అప్పుడు గట్టిగా నొక్కండి. పొడి రోడ్డు మీద ఆగే దూరానికి రెట్టింపు పైగా వదులుకోండి.

ఇక అన్ని సైకిళ్లకూ వర్తించేవి. కట్టలు రెండు వైపులా రిమ్ముకు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. లీవరు పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు రెండు వేళ్ల సందు మిగలాలి. మిగలకపోతే కేబులు గానీ రాడ్డు గానీ బిగించాలి. కేబులు బ్రేకులో లీవరు లోపల గుండు దగ్గర తీగ పోగులు తెగి ఉన్నాయేమో చూడండి. ఒక పోగు తెగినా మార్చేయాలి, అది చివరికి తెగేది గట్టిగా నొక్కినప్పుడే. చైనుకు నూనె వేసేటప్పుడు రిమ్ము మీద చుక్క పడితే సబ్బునీళ్లతో కడగండి. కిరోసిన్‌తో తుడిస్తే జిడ్డు పొర మిగులుతుంది. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని చాలామంది దాన్ని ఊడదీయిస్తారు. సైకిలును ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి వేయండి, వేసేటప్పుడు ఒంటిని కాస్త వెనక్కి జరపండి.

మా పాప తొమ్మిదో తరగతి. బడి 4 కి.మీ. సైకిలు మీద పంపాలంటే భయంగా ఉంది.
– ఓ తల్లి, మదనపల్లె

భయాన్ని పనిలో పెట్టండి. ఆదివారం పొద్దున బడి దారి ఒకసారి మీరూ తనతో కలిసి వెళ్లి చూడండి. బస్సులు పోయే రోడ్డు మూడున్నర కి.మీ. అయి, కాలనీల గుండా దారి నాలుగున్నర అయితే రెండోదే ఎంచుకోండి. తనకు రావాల్సినవి రెండు: హ్యాండిల్ కదలకుండా వెనక్కి తిరిగి చూడటం, ఒక చేత్తో పది మీటర్లు తిన్నగా తొక్కడం. మైదానంలో ముగ్గుతో గీత గీసి సాధన చేయించండి. ఇవి వచ్చేదాకా మెయిన్ రోడ్డు వద్దు.

సీటు ఎత్తు: మడమను కింది పెడలు మీద పెడితే కాలు తిన్నగా రావాలి. మునివేళ్ల దగ్గరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైనది. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పెడతాయి. బ్యాగు హ్యాండిల్‌కు తగిలించకూడదు, క్యారేజీ మీద రబ్బరు పట్టీతో కట్టాలి. చున్నీని వెనక ముడివేసి నడుముకు కట్టాలి. చైను కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్న సైకిలే కొనండి. హెల్మెట్ సైకిలుకు చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టించండి. కనుబొమలకు రెండు వేళ్ల పైన అంచు ఉండాలి, పట్టీలు చెవి కింద ఆంగ్ల అక్షరం ‘వి’లా కలవాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా లోపలి థర్మకోల్ నలిగి ఉంటుంది, మార్చేయాలి. స్నేహితురాళ్లతో వెళ్లడం మంచిదే, బస్సు రోడ్డు మీద మాత్రం ఒకరి వెనక ఒకరు.

సైకిలును కారు గుద్దితే పరిహారం వస్తుందా? సైకిలుకు ఇన్సూరెన్స్ ఉండదు కదా.
– నల్గొండ

వస్తుంది. సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి మీకు లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. పరిహారం కట్టేది కారు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. మొదట 108, 112కు ఫోన్. బండి నంబరు రాసుకోండి లేదా ఫొటో తీయండి. సైకిలును కదిపే ముందు రోడ్డుతో సహా ఫొటోలు తీయండి. ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదమని స్పష్టంగా చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయించండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, బిల్లులు, వంగిపోయిన సైకిలు, అన్నీ దాచండి. పాత సామాన్లవాడికి వేసేయకండి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలి. 2019 సవరణ దీనికి 6 నెలల గడువు పెట్టింది, ఆలోగానే వేయండి. మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే తీవ్ర గాయాలకు 50 వేలు, మరణానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. మోటారు బండి వల్ల గాయపడినవారికి మొదటి 7 రోజుల్లో లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అందించే పథకం 2025లో అమల్లోకి వచ్చింది. ఆసుపత్రిలో అడగండి.

ఒక హెచ్చరిక: రాంగ్ రూట్‌లో ఉన్నా, రాత్రి లైటు లేకపోయినా మీ నిర్లక్ష్యం కూడా ఉందని పరిహారం తగ్గించే అవకాశం ఉంది.

ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే?
– వరంగల్

వద్దు. అద్దం లేని సైకిలుకు వెనక ఏముందో చెప్పేది చెవులే. ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు వచ్చాక ఆ చప్పుడు కూడా తగ్గింది, రెండు చెవులూ కావాలి.

వారానికోసారి పంచరు. అదీ వెనక చక్రమే. ట్యూబు మార్చినా మళ్లీ అదే.
– అనంతపురం

మీ ప్రాంతంలో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఎక్కువ. ముల్లు టైరులోనే ఉండిపోతోంది, పాత ట్యూబును గుచ్చిందే కొత్తదాన్నీ గుచ్చుతోంది. టైరు లోపల గుడ్డ ముక్కతో చుట్టూ తడమండి, ముల్లు కొనకు గుడ్డ పట్టుకుంటుంది. పట్టకారుతో లాగేయండి. తర్వాత ట్యూబు మీద రంధ్రం ఎక్కడుందో చూడండి. టైరు వైపు ఉంటే ముల్లు. రిమ్ము వైపు ఉంటే స్పోకు కొన పొడుచుకొచ్చింది, రిమ్ము పట్టీ మార్చాలి. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతలో నలిగింది. వెనక చక్రం మీద బరువెక్కువ, గాలి కూడా ఎక్కువ కావాలి. ఎంతన్నది టైరు పక్కన గాలి ఒత్తిడి కొలత అయిన పీఎస్‌ఐలో అచ్చు వేసి ఉంటుంది.

ప్యాచ్ వేసేటప్పుడు ఎమరీ కాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ పలచగా రాసి, తడి మెరుపు పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. తడిగా ఉండగా అంటించిన ప్యాచ్ ఎండకు ఊడుతుంది. రంధ్రమే కనిపించకపోతే వాల్వు మూతి మీద ఉమ్మి తడి రాయండి. బుడగ వస్తే పోయింది లోపలి వాల్‌ట్యూబు. అది చిన్న రబ్బరు గొట్టం, ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. నాలుగు కొని సీటు కింద సంచిలో పెట్టుకోండి.